ముందు తీరు, తర్వాత గురి



2023 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో దక్షిణ కొరియాకు చెందిన సో చేవన్ మీద 149–145. మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో ఓజస్ దేవ్‌తలేతో కలిసి కొరియా జంట మీద 159–158. మహిళల టీమ్ ఫైనల్లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి చైనీస్ తైపీ మీద 230–229. ఈ అంకెల్లో మొదటిదాన్ని ఒకసారి మళ్లీ చూడండి. పదిహేను బాణాలకు 150 పాయింట్లయితే, సురేఖ పోగొట్టుకున్నది ఒక్కటంటే ఒక్క పాయింటు.

ఇలాంటి స్కోర్లు విన్నప్పుడు చాలామంది ఒక మాట అంటూంటారు. "అది మిషను విల్లండీ, పదులు పడక ఏం చేస్తాయి?" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ విల్లుకు కప్పీలున్నాయి, కేబుళ్లున్నాయి, భూతద్దం బిగించిన స్కోపు ఉంది, ఒరిగిందో లేదో చెప్పే నీటి మట్టం ఉంది, వేలితో కాకుండా పరికరంతో నారి వదిలే ఏర్పాటు ఉంది. అయితే అదే తయారీ విల్లు, అవే బాణాలు, అదే స్కోపు ఎంతోమంది పిల్లల చేతుల్లో ఉన్నాయి. వాళ్లలో 140 దాటడానికే ఏళ్లు పట్టేవాళ్లున్నారు. పరికరం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? విల్లు వెనకాల నిలబడ్డ మనిషిలో ఉంది. ఆ మనిషి నిలబడే తీరు, పట్టుకునే తీరు, లాగే తీరు, వదిలే తీరు ఎలా బాగుపడతాయో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందు ఈ కాంపౌండ్ విల్లు మన కోసం ఏం చేసిపెడుతుందో చూద్దాం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దీని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1969లో మంజూరైంది. విల్లు రెండు కొసలకూ కప్పీలు బిగించాలి, వాటి ఇరుసు సరిగ్గా నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకు ఉండాలి. ఇదీ ఆయన ఆలోచన. ఇప్పుడు ఆ కప్పీలనే కామ్‌లు అంటున్నాం. మామూలు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. సరిగ్గా గురి చూసే వేళకే పూర్తి బరువు వేళ్ల మీద పడుతుంది. కాంపౌండ్‌లో బరువు దారి మధ్యలోనే గరిష్ఠానికి చేరి, కామ్ తిరగ్గానే ఒక్కసారిగా తగ్గిపోతుంది. దీన్నే లెట్ ఆఫ్ అంటారు. 50 పౌండ్ల విల్లుకు 75 శాతం లెట్ ఆఫ్ ఉందనుకోండి. లాగేటప్పుడు 22 కిలోలకు పైగా బరువు తగులుతుంది, పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది ఆరు కిలోల లోపే. కామ్ ఇంక తిరగదు అన్నచోట నారి గట్టిగా ఆగుతుంది. ఆ ఆగే చోటును మైదానంలో 'వాల్' అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానితో పని ఉంది.

బరువు తగ్గడం వరమే, కాని దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. బరువైన నారి వెనక్కి లాగుతున్నప్పుడు వేళ్లు వాటంతట అవే ఒక వరుసలో నిలబడతాయి, చిన్న చిన్న వణుకులు ఆ బరువులో అణిగిపోతాయి. చేతిలో ఆరు కిలోలే ఉన్నప్పుడు ఆ బిగువు ఉండదు. మణికట్టు కాస్త తిప్పినా, వేలు కాస్త బిగించినా విల్లు కదిలిపోతుంది. పైగా ఎక్కువసేపు పట్టి ఉంచగలం కాబట్టి ఎక్కువసేపు ఆలోచిస్తాం. ఆ ఆలోచన ఏ అనర్థం తెస్తుందో తర్వాత చెబుతాను.

చిన్న లెక్క ఒకటి. కాంపౌండ్ పోటీల్లో దూరం 50 మీటర్లు. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. అంటే మధ్యబిందువు నుంచి 4 సెంటీమీటర్లు దాటితే పది పోయినట్టే. నారిలో కంటి ఎదుట ఉండే చిన్న రంధ్రాన్ని పీప్ అంటారు. పీప్ నుంచి ముందున్న స్కోపు దాకా దూరం సుమారు 85 సెంటీమీటర్లు. 50 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్ల తేడా రావాలంటే ఈ 85 సెంటీమీటర్ల మీద ఎంత జరగాలి? ముప్పావు మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. గడ్డం కింద చెయ్యి ఒక బాణానికి ఒకచోట, ఇంకో బాణానికి వెంట్రుకవాసి పక్కన ఆనితే పది కాస్తా తొమ్మిది అవుతుంది. ఇది కంటితో పట్టుకోగల తేడా కాదు. ఒంటికి అలవాటైతేనే దొరుకుతుంది. ముందు తీరు, తర్వాత గురి అంటున్నది అందుకే.

ఇక తీరు విషయానికి వద్దాం. కాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగను. పాదాలు భుజాల వెడల్పున ఉండాలి, బరువు రెండింటి మీదా సమంగా పడాలి, మోకాళ్లు బిర్రబిగించకూడదు, నడుము ముందుకు పొడుచుకు రాకూడదు. రోజూ ఒకేలా నిలబడగలిగితే చాలు. నేల మీద సుద్దతో పాదాల గుర్తులు గీసుకుని సాధన చేసేవాళ్లున్నారు, మంచి అలవాటే.

ఎక్కువమందిని దెబ్బతీసేది డ్రా లెంగ్త్. నారిని ఎంత వెనక్కి లాగితే వాల్ తగలాలన్న కొలత అది. కప్పీలు లేని రికర్వ్ విల్లును ఎంతైనా లాగవచ్చు, కాంపౌండ్‌ను బిగించిన కొలత వరకే లాగగలం. ఆ కొలత మీ ఒంటికి సరిపడకపోతే ఎంత సాధన చేసినా తప్పుడు భంగిమే గట్టిపడుతుంది. తొలి అంచనాకు ఒక పద్ధతి ఉంది. రెండు చేతులూ బార్లా చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలవండి. దాన్ని రెండున్నరతో భాగించండి. 65 అంగుళాలు వచ్చిందనుకోండి, డ్రా లెంగ్త్ 26 అంగుళాలు. ఇది ఆరంభం మాత్రమే. అక్కణ్నుంచి అర అంగుళం, పావు అంగుళం చొప్పున కోచ్ సరిచేయాలి.

కొలత ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? విల్లు పట్టిన భుజం చెవి వైపు లేస్తుంది. నడుము పైభాగం వెనక్కి వాలుతుంది. నారి బుగ్గలోకి దిగబడుతుంది, దాన్ని అందుకోవడానికి తల వెనక్కి పోతుంది. తక్కువైతే లాగే మోచెయ్యి బాణం వరుసకు బయట నిలుస్తుంది, వెన్ను కండలకు పని దొరకదు, బరువంతా చేతుల మీద పడుతుంది. ఇవన్నీ వేసేవాడికి కనిపించవు. పక్కనున్న వాళ్లకు ఫోను ఇచ్చి ఒకసారి పక్క నుంచి, ఒకసారి వెనక నుంచి వీడియో తీయించుకోండి. ముంజెయ్యి, బాణం, వెనక మోచెయ్యి ఒకే వరుసలో ఉన్నాయా అని చూసుకోండి.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మనవి. పోటీ స్థాయి కాంపౌండ్ సెట్టు లక్షల్లో ఉంటుంది. పిల్లవాడు ఎదుగుతాడు కదా అని ఒక సైజు పెద్ద చొక్కా కుట్టించినట్టు పెద్ద కొలత విల్లు కొనకండి. డ్రా లెంగ్త్ మార్చుకునే వీలున్న కామ్‌లు దొరుకుతాయి, అవి తీసుకోండి. బరువు సంగతీ అంతే. నియమాల ప్రకారం 60 పౌండ్ల వరకు అనుమతి ఉంది కదా అని అంత బరువు పెట్టనక్కర్లేదు. పిల్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టండి. విల్లును టార్గెట్‌కేసి సూటిగా పట్టుకుని, ఆకాశానికి ఎత్తకుండా, నెమ్మదిగా నారి లాగమనండి. లాగలేకపోతే ఆ బరువు ఎక్కువే. విల్లు పైకెత్తి లాగడం ప్రమాదకరం. అలా లాగుతున్నప్పుడు నారి వదిలే పరికరం, అంటే రిలీజ్, జారితే బాణం ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే పోటీల్లో దాన్ని ఒప్పుకోరు.

ఇప్పుడు విల్లు పట్టే చెయ్యి. పేరుకు పట్టు అంటున్నాం గానీ, నిజానికి అక్కడ పట్టుకునేదేమీ లేదు. అరచేతిని కళ్ల ముందు పెట్టుకోండి. బొటనవేలి కింద ఎత్తుగా కండ ఉంటుంది. ఆ కండను చుట్టుకుంటూ పోయే గీతను మన జ్యోతిష్యులు ఆయుర్దాయ రేఖ అంటారు. విల్లు పిడి ఆ గీతకు బొటనవేలి వైపే ఆనాలి. గీత దాటి చిటికెనవేలి వైపు పోతే ఒత్తిడి విల్లును పక్కకు తిప్పుతుంది. చేతిని కాస్త వాల్చి పెడితే వేలిముడులు నేలకు సుమారు 45 డిగ్రీల వాలులో నిలబడతాయి. బొటనవేలు టార్గెట్‌ను చూస్తుంది. మిగతా వేళ్లు పిడి చుట్టూ బిగించకుండా వదులుగా ముడుచుకుని ఉండాలి. నారి లాగినప్పుడు విల్లే వచ్చి అరచేతిలో కూర్చుంటుంది.

వేళ్లు వదులుగా ఉంచితే విల్లు పడిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. అందుకే మణికట్టుకో, వేళ్లకో కట్టుకునే చిన్న తాడు ఉంది, స్లింగ్ అంటారు. అది కట్టుకుని, పడిపోతే పడిపోనీ అని వదిలేయడం నేర్చుకోవాలి. ఇంత పట్టుదల ఎందుకంటే, రిలీజ్ తర్వాత బాణం నారి మీద ఉండేది సెకనులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ సమయం. వేళ్లు బిగిసి ఉంటే, నారి వదిలిన క్షణంలో చెయ్యి విల్లును అందుకోబోయి ఇంకాస్త బిగుసుకుంటుంది. ఆ కొద్ది సమయంలోనే విల్లు తిరుగుతుంది. కుడిచేత్తో లాగేవాళ్ల బాణాలు ఒక వరుసగా ఎడమకో, కుడికో పోతూంటే స్కోపు బిగించిన సైటు మరలు తిప్పే ముందు ఒకసారి పట్టు చూసుకోవాలి.

విల్లు పట్టిన భుజం కిందికే ఉండాలి. లాగకముందే దాన్ని కిందికి దించి, లాగుతున్నంతసేపూ అక్కడే ఉంచాలి. భుజం పైకి లేస్తే బరువు ఎముక మీది నుంచి కండ మీదికి వస్తుంది. కండ అలిసిపోతుంది, వణుకుతుంది. ఇలాగే ఏళ్ల తరబడి వేస్తే భుజం కీలు దెబ్బతింటుంది. మోచెయ్యి పూర్తిగా బిగిసిపోనవసరం లేదు. మోచేతి కొస నేలకు కాకుండా బయటి పక్కకు తిరిగి ఉంటే నారి ముంజేతికి తగలదు.

తర్వాత చెయ్యి ఆనే చోటు, దీన్నే యాంకర్ అంటారు. చూపుడువేలు, మధ్యవేలు ముడుల మధ్య ఉండే పల్లం దవడ ఎముక మీద కూర్చోవాలి. ఎముక కదలదు కాబట్టి అక్కడే ఆనించాలి. నారి ముక్కు కొసకు తగలాలి, కొందరికి పెదవి మూలకు కూడా తగులుతుంది. ఈ రెండు మూడు స్పర్శలు ప్రతి బాణానికీ ఒకేలా ఉండాలి. తలను నారి దగ్గరికి తీసుకుపోకూడదు, నారే తల దగ్గరికి రావాలి. అప్పుడు పీప్ వలయం లోపల స్కోపు వలయం చుట్టూ సమానంగా సందు కనిపిస్తుంది. స్కోపులోని నీటి మట్టంలో బుడగ రెండు గీతల మధ్య నిలవాలి. విల్లు పైభాగం కుడికి ఒరిగితే బాణం కుడికే పోతుంది, ఎడమకు ఒరిగితే ఎడమకే. గాలి వీస్తున్న రోజున తెలియకుండానే విల్లు ఒరుగుతుంది కాబట్టి బుడగను రెండుసార్లు చూసుకోవడం మంచిది.

ఇంతవరకు చెప్పినవన్నీ చూసి సరిచేసుకోగలిగినవి. ఇక్కణ్నుంచి మనసుతో పని మొదలవుతుంది.

నారిని వదిలే పరికరాన్ని రిలీజ్ అంటాం. మణికట్టుకు కట్టుకుని చూపుడువేలితో నొక్కేవి ఉన్నాయి, బొటనవేలి మీటతో పనిచేసేవి ఉన్నాయి. అసలు మీటే లేకుండా, చెయ్యి కొద్దిగా తిరిగేసరికి కొక్కెం జారి వదులుకునేవి ఉన్నాయి. వాటిని హింజ్ రిలీజ్ అంటారు. పరికరం ఏదైనా సూత్రం ఒకటే. వేలు నొక్కడం వల్ల బాణం పోకూడదు. వెన్ను లాగడం ఆగకుండా సాగుతూ ఉండగా బాణం పోవాలి. నేను చెప్పేదాని సారం ఇదే.

ఒక సాధన సమయంలో జరిగిన మాటలు చెబుతాను, అర్థమవుతుంది. పద్నాలుగేళ్ల అమ్మాయి. చేతిలో విల్లు లేదు. డ్రా లెంగ్త్‌కు సరిపడా కొలిచి ముడివేసిన నైలాన్ తాడు ఉంది. తాడు ఒక కొస ఎడమ అరచేతిలో పిడి ఆనే చోట, రెండో కొస హింజ్ రిలీజ్ కొక్కేనికి. లాగి దవడ దగ్గర పెట్టింది. కొక్కెం జారనంటోంది. చేతి వేళ్లు తెల్లబడ్డాయి.

"జారట్లేదు సార్" అంది.

"ఎక్కడ లాగుతున్నావమ్మా?"

"చేత్తో సార్."

"ముంజెయ్యి ఒకసారి ముట్టుకుని చూసుకో. బిగిసి ఉంది కదా. దాన్ని వదులు చెయ్యి. నీళ్ల బకెట్టు మోసుకొచ్చేటప్పుడు కాడను పిడికిలితో నలిపేస్తావా?"

"లేదు సార్. వేళ్లకు తగిలించుకుంటాను."

"అంతే. వేళ్లను కొక్కెంలా వదిలేసి, ఆ మోచేతిని వెనక గోడకేసి జరుపు. చేతిని మర్చిపో. రెక్క ఎముక వెన్నుపూస వైపు వెళుతోందా లేదా, అది చూసుకో."

మళ్లీ లాగింది. మణికట్టు దగ్గర సన్నగా కనిపిస్తున్న నరాల బిగువు పోయింది. మోచెయ్యి వెనక్కి ఎంత జరిగిందో కంటికి తెలియలేదు, చొక్కా వీపు మీద మడత ఒకటి లోపలికి ముడుచుకుంది. టక్కున కొక్కెం జారింది. చెయ్యి చెవి కిందుగా వెనక్కి పోయింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి నవ్వింది.

"ఎప్పుడు వదులుతావో ముందే తెలిసిందా?"

"తెలీలేదు సార్."

"అదీ సంగతి. విల్లుతో కూడా అలాగే తెలియకూడదు."

వినడానికి విడ్డూరంగా ఉంటుంది. బాణం ఎప్పుడు పోతుందో వేసేవాళ్లకే తెలియకపోతే గురి ఎలా కుదురుతుంది? స్కోపులో చూస్తే గురిచుక్క ఎప్పుడూ నిలకడగా ఉండదు. ప్రపంచ విజేత చేతిలోనూ ఉండదు. టార్గెట్ నడుమనున్న పసుపు రంగు మీద సన్నగా తిరుగుతూనే ఉంటుంది. తీరు కుదిరినవాళ్లకు అది చిన్న సుడిలో తిరుగుతుంది, కుదరనివాళ్లకు పెద్ద సుడిలో. ఆ తిరుగుడును తిరగనిచ్చి, వెన్నుతో లాగుతూ ఉంటే బాణం ఆ సుడి మధ్య ప్రాంతంలోనే పడుతుంది. అలా కాకుండా చుక్క నడిమధ్యకు రాగానే "ఇప్పుడే" అని వేలు నొక్కామనుకోండి. కన్ను చూసి, బుర్ర చెప్పి, వేలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు గడిచిపోతుంది. ఈలోపు చుక్క అక్కణ్నుంచి జరిగిపోయింది. పైగా ఆ నొక్కుడుకు చెయ్యి మొత్తం కుదుపుకు లోనైంది.

ఈ అలవాటు ముదిరితే జబ్బుగా మారుతుంది. ఆర్చర్లు దాన్ని టార్గెట్ పానిక్ అంటారు. నారి లాగి గురి చూస్తాడు. చుక్క పదికి కింద, ఆరు దగ్గరో ఏడు దగ్గరో ఆగిపోతుంది. పైకి రమ్మంటే రాదు. చెయ్యి బిగుసుకుపోతుంది. ఎలాగోలా చుక్క పసుపును ముట్టగానే వేలు దానంతట అదే నొక్కేస్తుంది. విల్లు బలం చాలకపోవడం, కంటిచూపు మందగించడం దీనికి కారణాలు కావు. గురి, వదలడం అనే రెండు పనులను బుర్ర ఒకదానికొకటి ముడిపెట్టేసుకుంది. లెట్ ఆఫ్ వల్ల ఆలోచించే వ్యవధి ఎక్కువ దొరకడమే ఆ ముడి పడడానికి చోటిచ్చింది. ఇందాక చిక్కు అన్నది దీన్నే.

ఈ ముడి విప్పడానికి ఒక మార్గం ఉంది. టార్గెట్ కాగితం తీసేయాలి. రెండు మూడు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున ఉన్న ఖాళీ బట్, అంటే బాణాలు దిగే దిమ్మె ముందు నిలబడాలి. సైటు కూడా విప్పేసుకోవచ్చు. వెనకాల, పక్కల ఎవరూ లేకుండా చూసుకుని, బాణం బట్‌కేసి సూటిగా నిలిచాక కళ్లు మూసుకుని కూడా వేయవచ్చు. చిన్నపిల్లలైతే కోచ్ పక్కనుండాలి. గురి చూడడానికి ఏమీ లేదు కాబట్టి బుర్రకు తొందరపడే పని ఉండదు. భుజం, పట్టు, యాంకర్, వెన్ను, ఇవి మాత్రమే మిగులుతాయి. అలా చాలా రోజులు వేశాక పది మీటర్ల దగ్గర పెద్ద కాగితం పెట్టండి. తర్వాత పద్దెనిమిది, ముప్పై, ఆ తర్వాతే యాభై. ఏ దూరం దగ్గర వేలు మళ్లీ తొందరపడిందో అక్కణ్నుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి.

ద్రోణుడు పెట్టిన పరీక్ష కథ మనకు తెలియనిది కాదు. చెట్టు మీద పక్షి, అర్జునుడికి దాని తల తప్ప ఇంకేమీ కనబడకపోవడం. ఆ కథ చెప్పి పిల్లలకు "గురి మీదే దృష్టి పెట్టు" అని బోధిస్తాం. కథలో మనం గమనించకుండా దాటేసే సంగతి ఒకటుంది. ద్రోణుడు ఆ పరీక్ష పెట్టింది శిష్యుల విద్య పూర్తయ్యాక. నిలబడడం, లాగడం, వదలడం వాళ్ల ఒంటికి పట్టేశాయి. అప్పుడు అడిగాడు ఏం కనిపిస్తోందని. మొదటి నెలలోనే పక్షి తల చూడమంటే పిల్లల చేతులు బిగుసుకుపోతాయి.

తీరు అంటే వేళ్ల నేర్పు అనుకునేవాళ్లు శీతల్ దేవిని చూడాలి. జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వార్ జిల్లా అమ్మాయి. పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. కుర్చీలో కూర్చుని కుడి పాదంతో కాంపౌండ్ విల్లు పట్టుకుంటుంది. కాలు చాపుతూ, భుజానికి అమర్చిన రిలీజ్‌తో నారిని వెనక్కి తెస్తుంది. దవడ సాయంతో బాణం వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం గెలిచింది. 2025లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో జరిగిన ప్రపంచ పారా చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. ముందుకు తోసే బలం కాలి ఎముకలో ఉంది, వెనక్కి లాగే బలం భుజంలో, వెన్నులో ఉంది. ఆ రెండు బలాలూ ఒకే వరుసలో నిలబడ్డాయి. చేతులున్న మనం సాధించాల్సిందీ ఆ వరుసే.

వదిలాక కూడా పని అయిపోలేదు. బాణం టార్గెట్‌లో దిగేదాకా విల్లు చెయ్యి అక్కడే ఉండాలి, తల కదలకూడదు. 50 మీటర్ల దూరం బాణానికి సెకనులో సగానికి కాస్త ఎక్కువ. ఆ కాస్త సమయం ఆగలేక స్కోపు పక్కనుంచి తొంగిచూసే అలవాటు చాలామందికి ఉంటుంది. తొంగిచూడాలన్న తొందర వదలకముందే చేతిని కదిలిస్తుంది.

దించేయడం కూడా నేర్చుకోవాలి. నారి లాగి యాంకర్ చేశాక అయిదు నుంచి ఎనిమిది సెకన్లలో బాణం పోకపోతే చూపు అలిసిపోతుంది, కండరాలు వణుకుతాయి. అప్పుడు వేలు మీట మీద ఉంటే తీసి, నెమ్మదిగా నారిని ముందుకు దించేసి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. వ్యక్తిగత మ్యాచ్‌లో ఇద్దరూ మార్చి మార్చి వేస్తారు, ఒక్కో బాణానికి 20 సెకన్లే ఉంటాయి. ఆ గడియారం ముందు దించేయాలంటే ధైర్యం కావాలి. ఆ ధైర్యం పోటీ రోజు పుట్టదు. సాధనలో కావాలని కొన్ని బాణాలు పూర్తిగా లాగి, వేయకుండా దించేస్తూ ఉండాలి.

సైటు గురించి ఒక మాట. ఒక బాణం పక్కకు పోగానే మర తిప్పకండి. ఆరు బాణాలు వేయండి. అవన్నీ ఒకచోట గుంపుగా ఉండి, ఆ గుంపు మధ్యలో లేకపోతే అప్పుడు సైటును గుంపు ఉన్న వైపుకే జరపండి. బాణాలు ఎడమకుంటే సైటు ఎడమకు, కిందకుంటే కిందికి. గుంపే కుదరకపోతే లోపం సైటులో లేదు.

మరో హెచ్చరిక. బాణం పెట్టకుండా ఖాళీ నారిని లాగి వదలకూడదు. బాణం మోసుకుపోవాల్సిన శక్తి అంతా విల్లులోనే విరుచుకుపడుతుంది. కేబుల్ తెగవచ్చు, లింబ్, అంటే విల్లు కొమ్మ, విరగవచ్చు, ముక్కలు ముఖానికి తగలవచ్చు. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకు సరదాగా విల్లు ఇచ్చేవాళ్లు ఇది మర్చిపోవద్దు. కార్బన్ బాణాలను కూడా వేసే ముందు వేళ్ల మధ్య కొద్దిగా వంచి, పగుళ్ల చప్పుడు వస్తోందేమో చూసుకోవాలి.

ఈ విల్లుకు మన ప్రాంతంలో ఇప్పుడు మంచి రోజులు. విజయవాడలో చెరుకూరి సత్యనారాయణ గారు నడిపే వోల్గా అకాడమీ ఉంది. పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో 21 ఏళ్లలోపు కాంపౌండ్ విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి పెడుతున్నారు. కొత్తగా విల్లు పట్టే పిల్లల సంఖ్య పెరుగుతుంది. ఆ పిల్లలకు తొలిరోజుల్లో స్కోరు అడగకండి. "ఇవాళ ఎంత కొట్టావు?" అని అడిగితే వాళ్ల వేలు తొందరపడడం నేర్చుకుంటుంది. "ఆరు బాణాల్లో ఎన్ని సరిగ్గా వేశావు?" అని అడగండి. పుస్తకంలో కూడా అదే రాయించండి. స్కోరు వారానికి ఒకరోజు చాలు.

ఇప్పటికే కాంపౌండ్ వేస్తున్నవాళ్లు ఒక పని చేయండి. రేపు మైదానానికి వెళ్లాక టార్గెట్ కాగితం సంచిలోనే ఉంచండి. మూడు మీటర్ల దగ్గర నిలబడి పట్టు ఒక్కటే చూసుకుంటూ ముప్పై బాణాలు వేయండి. ఎల్లుండి భుజం ఒక్కటే. ఆ మర్నాడు వెన్ను ఒక్కటే. అన్నీ ఒకేరోజు సరిచేయబోతే ఏదీ నిలవదు. వారం తర్వాత కాగితం పెట్టి చూడండి. చుక్క ఎంత తిరిగినా వేలు తొందరపడకుండా ఉందంటే, అప్పుడు దూరం పెంచండి.